సీటు ఫ్రీనా, టికెట్టు ఫ్రీనా?

ఆ మధ్య కడప బస్టాండులో ప్రొద్దుటూరు బస్సెక్కాను. ముందు వరసలో కిటికీ పక్కన ఒక అవ్వ కూర్చుని ఉంది. పక్క సీట్లో ఆమె సంచి. కాలేజీ పిల్ల ఒకామె వచ్చి ఆ సంచి వైపు చూసి, "అవ్వా, ఈ సీటు ఫ్రీనా?" అని అడిగింది. అవ్వ ఎగాదిగా చూసి, "ఈ సీటొక్కటే ఏంది పాపా, మనకు బస్సంతా ఫ్రీనే గదా" అనింది. సంచి మాత్రం తీయలేదు.

వెనక కూర్చున్నవాళ్లం నవ్వుకున్నాం. అవ్వ ఎకసెక్కానికి అనిందో, నిజంగానే అట్లా అర్థం చేసుకునిందో తెలీదు. ఏదైనా ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలోని ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఐదు రకాల బస్సుల్లో టికెట్టు డబ్బుల్లేవు. పిల్ల అడిగిన ఫ్రీకి అర్థం ఖాళీ అని. అవ్వ చెప్పిన ఫ్రీకి అర్థం డబ్బు కట్టనక్కర్లేదని. రెండూ ఇంగ్లీషులో ఉన్నవే, రెండూ మనం రోజూ వాడుతున్నవే.

ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. ఎర్రగుంట్ల దాటేదాకా నా బుర్రలో ఆ మాటే తిరుగుతూ ఉండింది. ఇంగ్లీషులో నాలుగంటే నాలుగక్షరాలు. మూడో తరగతి పిల్లను అడిగినా అర్థం చెబుతుంది. కానీ అన్నిచోట్లా సరిపోయే ఒక్క తెలుగు మాట చెప్పమంటే ఎంఏ చదివినవాళ్లు కూడా నీళ్లు నములుతారు. ఉచితం అంటారు. మరి ఫ్రీ ఇండియా అంటే ఉచిత భారతదేశమా? స్వేచ్ఛ అంటారు. బిర్యానీ కొంటే ఫ్రీగా ఇచ్చేది స్వేచ్ఛా కూల్‌డ్రింకా?

పలుపు తెగిన మాట

క్లాసులో నేను చెప్పే కిటుకు ఒకటుంది. కొట్టంలో కట్టేసిన ఎద్దును తలుచుకోమంటాను. దాని మెడకు పలుపు, పలుపు రెండో కొస గుంజకు. పలుపు విప్పితే ఎద్దు ఫ్రీ. ఇంగ్లీషు ఫ్రీకి అడుగున ఉండే అర్థం అంతే, కట్టు లేదని. పలుపు స్థానంలో ఏముందో దాన్నిబట్టి పైపై అర్థాలు మారుతుంటాయి. యజమాని పీడ పోతే బానిస ఫ్రీ. పరాయి పాలన పోతే దేశం ఫ్రీ. పని తెమిలితే మనిషి ఫ్రీ. కూర్చున్నవాడు లేస్తే సీటు ఫ్రీ. ఛందస్సు కట్టు వదిలేస్తే ఫ్రీ వర్స్. మూలంలోని ప్రతి మాటకూ వేలాడకపోతే అది ఫ్రీ ట్రాన్స్‌లేషన్. ధర చెల్లించాలనే కట్టు లేకపోతే సరుకు ఫ్రీ.

అంటే ధర అనేది ఆ పలుపుల్లో ఒకటి. మన చెవికి మాత్రం ముందు అదే తగులుతుంది. అక్కడే తిరకాసు.

మా చిన్నమ్మకు డాక్టరు థైరాయిడ్ పరీక్షలు రాశాడు. ల్యాబులో రక్తం ఇచ్చి, బిల్లు కట్టి, రిపోర్టు పట్టుకుని ఇంటికొచ్చింది. రిపోర్టులో 'ఫ్రీ టీ3, ఫ్రీ టీ4' అని ఉంది. మనవడు అది చదివి వినిపించగానే చిన్నమ్మకు కోపం వచ్చింది. "ఫ్రీ టీ అని రాసినారు గదరా. టీ ఇయ్యలేదు, డబ్బులు మాత్రం లెక్కబెట్టి తీసుకునిరి." నవ్వు ఆపుకుని ఆమెకు విడమరిచి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. టీ4 అనేది థైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోను. రక్తంలోకి వచ్చాక నూటికి 99 పాళ్లకు పైగా ప్రొటీన్లను అంటిపెట్టుకుని తిరుగుతుంది. అట్లా అతుక్కున్నది పని చేయదు. ఏ ప్రొటీనుకూ కట్టుబడకుండా మిగిలిన రవ్వంతే ఒంట్లో కణాల్లోకి పోయి పని చేస్తుంది. ఆ రవ్వంత పేరే ఫ్రీ టీ4. అచ్చం పలుపు విప్పిన ఎద్దు లెక్క. చిన్నమ్మ అంతా విని, "అయితే ఆ ఎద్దును ఎంచేదానికి అంత తీసుకుంటారా?" అనింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ప్రియం ఎట్లా పిరమైంది

ఈ మాట పుట్టుక దగ్గరికి పోతే ఇంకో విచిత్రం కనబడుతుంది. ఇంగ్లీషు ఫ్రీ, సంస్కృతం ప్రియ ఒక తల్లి బిడ్డలే. ప్రేమించడమనే అర్థం ఉన్న ఒక పాత ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి రెండూ వచ్చాయి. ఫ్రెండ్ కూడా ఆ ఇంటిదే. ఫ్రైడే పేరులో దాక్కున్న ఫ్రిగ్ అనే దేవతా ఆ ఇంటి ఆడపడుచే.

ప్రేమకూ స్వేచ్ఛకూ ఏం సంబంధమంటే, పాతకాలపు ఇంటిని చూడాలి. ఒకే కప్పు కింద రెండు రకాల మనుషులు. రక్తసంబంధీకులు, అంటే కావలసినవాళ్లు. రెండో రకం బానిసలు. కావలసినవాడు అన్నా, బానిస కానివాడు అన్నా ఒకడే. అట్లా ప్రియమైనవాడనే మాట మెల్లగా స్వతంత్రుడనే అర్థానికి జరిగింది. లాటిన్‌లోనూ ఇట్లాంటి జాడ ఉంది. లీబెర్ అంటే స్వతంత్రుడు, లీబెరీ అంటే ఇంటి పిల్లలు. డబ్బు తీసుకోకుండా ఇచ్చేదనే అర్థం ఫ్రీకి చాలా ఆలస్యంగా, 16వ శతాబ్దం చివర్లో అంటుకుంది.

ఇప్పుడు మన వైపు చూడండి. ఆ ప్రియమే తెలుగులోకి వచ్చి, సీమలో నోళ్లలో నలిగి 'పిరం' అయింది. "టమేటాలు శానా పిరం" అంటే టమేటాల మీద ప్రేమ ఎక్కువైందని కాదు, కొనలేకపోతున్నామని. ఒకే వేరు నుంచి వచ్చిన మాట ఇంగ్లీషువాడి అంగట్లో ఊరికే ఇచ్చేదయింది, మన అంగట్లో చేయి కాల్చేదయింది. పిరానికి ఎదురు మాట సరసం. "సరసంగా వచ్చింది, రెండు కేజీలు తీసుకున్నా" అంటాం. ఎక్కువ ధరకూ తక్కువ ధరకూ రెండింటికీ వలపు మాటలే వాడుకున్న జాతి ఇంకోటి ఉందో లేదో గాని, నాకు మాత్రం ఇది తలుచుకున్నప్పుడల్లా ముచ్చటేస్తుంది.

కడపలో కూర్చుని మాటల సంగతి రాస్తూ బ్రౌన్ దొరను తలుచుకోకపోతే పాపం. 1820లో ఇరవై ఒక్కేళ్ల వయసులో ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చాడు. బంగళా కొన్నాడు. పండితులను పెట్టుకుని తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటే, ఎర్రముక్కపల్లెలో, ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది. ప్రియం అనే మాటకు ఇంగ్లీషులో అర్థం రాయడానికి నిఘంటుకారుడికి తిప్పలుండవు. డియర్ అంటే చాలు, ఆ మాటలోనూ ప్రేమ, ధర రెండూ ఉన్నాయి. ఫ్రీకి తెలుగు రాయాలంటేనే చుక్కలు కనపడేది.

ఇచ్చేవాడి వైపు నుంచి

ఎందుకంటే డబ్బు తీసుకోకుండా ఇవ్వడాన్ని తెలుగు ఇంకో దిక్కు నుంచి చూసింది. మన పెద్దవాళ్లు సర్కారు ఆసుపత్రిని ఫ్రీ ఆసుపత్రి అనలేదు, ధర్మాసుపత్రి అన్నారు. ఊరికే బస చేసే చోటు ధర్మసత్రం. తిరుమలలో టికెట్టు లేని దర్శనం ధర్మదర్శనం. డబ్బు అడక్కుండా ఇస్తే పుణ్యానికి ఇచ్చాడన్నారు. ఉచితం అన్నా అంతే. సంస్కృతంలో ఉచితమంటే తగినది. సముచితం, ఔచిత్యం, ఉచితానుచితాలు అనే మాటల్లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఎదుటివాడికి తగినట్టు ఇచ్చే కానుకకు ఉచితమని పేరు వచ్చి, అందులోంచి వెల లేనిదనే అర్థం తేలింది.

ధర్మం, పుణ్యం, ఉచితం, ఈ మూడింటిలోనూ ఇచ్చే చేయి కనబడుతుంది. ఇచ్చేవాడి మంచితనమే ఆ మాట. ఇంగ్లీషు ఫ్రీలో ఇచ్చేవాడి ఊసే లేదు. సరుకుకు ధర అనే కట్టు లేదు, అంతవరకే. అనంతపురం వైపు పోతే కన్నడం పొరుగుతనంలో పుక్కట అనే మాట ఉంది. దాంట్లో కూడా పుణ్యం, ధర్మం ఏమీ లేవు గానీ కాస్త చులకన ఉంది. 'పుక్కటగా వచ్చింది' అంటే విలువ తెలీకుండా వాడతారనే ధ్వని.

మన పల్లెల్లో ఫ్రీ అనే మాటకు వేరు పట్టించింది కరెంటేనని నా లెక్క. 2004 మే 14న పులివెందుల నుంచి పోయిన వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. పేపర్లు ఉచిత విద్యుత్తు అని రాసినా, బోరుబావి దగ్గర ఎవరి నోట విన్నా ఫ్రీ కరెంటే. ధర్మ కరెంటు అని మాట వరసకు కూడా ఎవరూ అనలేదు. అనరు కూడా. ధర్మం అంటే ఒకరు ఇవ్వాలి, ఇంకొకరు చేయి చాచాలి. ఫ్రీ అన్నప్పుడు చేయి చాచే పని లేదు. శనగచెట్టు ఎండిపోయి ఏళ్ల తరబడి అప్పులు మోసిన రైతుకు ఆ తేడా చిన్నది కాదు. పరాయి మాట మనకు చేసిన మేలు ఏదైనా ఉందంటే ఇదొకటి. తర్వాత తర్వాత 'ఉచితాలు' అని బహువచనం చేసి ఈసడించడం మొదలైంది. ఏకవచనంలో కానుకగా ఉన్న మాట బహువచనంలో తిట్టయింది.

ఫ్రీ అని రాసి ఉంటుంది, చదివేటప్పుడు జాగ్రత్త

కొన్నిచోట్ల తెలుగే ఇంగ్లీషు కంటే తేటగా ఉంటుంది. రాజ్యాంగం 21ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు 'ఫ్రీ అండ్ కంపల్సరీ' చదువు అంటుంది. ఫ్రీ అంటే స్వేచ్ఛ అనుకుని చదివితే స్వేచ్ఛగానూ బలవంతంగానూ అని వస్తుంది, తలా తోకా ఉండదు. మన 'ఉచిత నిర్బంధ విద్య'లో ఆ గొడవే లేదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఫ్రీ అంటే ఏమిటో విడిగా చెప్పాల్సి వచ్చింది. పిల్ల చదువుకు అడ్డుపడే ఏ ఫీజూ ఏ ఖర్చూ ఆమె నెత్తిన పడకూడదని. ఒక్క విశేషణానికి చట్టం ఇంత వివరణ రాసిందంటే దాని మీద నమ్మకం ఎంతో తెలుస్తూనే ఉంది.

చదువులోనే ఇంకో ఫ్రీ ఉండేది. మా తమ్ముడి తరం వాళ్లకు బాగా గుర్తుండాలి. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల సీట్లను సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అని పంచింది. ఫ్రీ సీటు వచ్చిందని మిఠాయిలు పంచిన ఇళ్లల్లో వారం తిరక్కుండా ఫీజు కట్టమని కాగితం వచ్చేది. సర్కారు కాలేజీలో ఎంతో అంత కట్టాల్సిందే. ఆ ఫ్రీ అర్థం పూర్తిగా ఫీజు లేదని కాదు, పేమెంట్ సీటు రేటు లేదని. 2002లో టీఎంఏ పాయ్ కేసుతో ఆ పద్ధతి పోయింది. మాట మాత్రం పోలేదు. కన్వీనర్ కోటాలో సీటొస్తే ఇప్పటికీ 'ఫ్రీ సీటు' అనేవాళ్లున్నారు.

2024 జులైలో మొదలైన ఉచిత ఇసుకదీ అదే దారి. పెన్నలో ఇసుకకు వెల లేదు. తవ్వి ఎత్తే కూలి, ట్రాక్టరు బాడుగ ఉన్నాయి. ఇల్లు కట్టుకునేవాడికి లోడు దిగాక చేతిలో మిగిలే చీటీలో అంకె ఉంటుంది, దాన్ని చూసి ఫ్రీ అన్నారే అని నోరెళ్లబెడతాడు. ఏ పలుపు తెగిందో అడక్కపోవడం వల్ల వచ్చిన తంటా.

భూమి దగ్గర ఈ మాట తలకిందులవుతుంది. పేదలకు సర్కారు ఇచ్చిన డీకేటీ పట్టా భూములున్నాయి. అవి ఉచితంగా ఇచ్చినవి. కానీ 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం వాటిని అమ్మకూడదు, కొనకూడదు. తరతరాలు సాగు చేసుకోవచ్చు, అంతే. 2023లో చట్టం మార్చి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన వాటికి పూర్తి హక్కులు ఇస్తామన్నారు. దాన్నే అందరూ ఫ్రీహోల్డ్ అన్నారు. మా ఎరిగిన రైతు ఒకాయన, "మా నాయనకు ఫ్రీగా ఇచ్చిన భూమే గద సార్, మళ్లీ ఫ్రీ చేసేదేంది?" అని అడిగాడు. మొదటి ఫ్రీ ధర లేకపోవడం, రెండో ఫ్రీ అమ్ముకోవడానికి అడ్డు లేకపోవడం. వెల లేకుండా వచ్చిన భూమి కట్లతో వచ్చింది. కట్లు విప్పే మాట వచ్చేసరికి అది ఎకరాకు లక్షలు పలికే భూమి అయింది. తర్వాతి ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లను ఆపి విచారణకు దిగింది, అది వేరే కథ.

ఫ్రీలాన్స్ అని వింటే ఊరికే పనిచేస్తాడనుకుని ఫోన్ చేసేవాళ్లున్నారు. బొమ్మలు గీసే నా శిష్యుడు ఒకడు ఈ బాధ పడుతుంటాడు. లాన్స్ అంటే బల్లెం. ఏ ప్రభువుకూ కట్టుబడకుండా, డబ్బిచ్చినవాడి వైపు యుద్ధం చేసే కిరాయి సైనికుడికి 19వ శతాబ్దం మొదట్లో వచ్చిన పేరు అది. యజమాని లేడు గానీ రేటు గట్టిగానే ఉంటుంది. క్రికెట్లో ఫ్రీ హిట్ కూడా అంతే. నోబాల్ తర్వాత బంతికి బౌల్డయినా క్యాచిచ్చినా పోయేదేం లేదు. రనౌట్ మాత్రం అవుతాడు. ఆ పలుపు అట్లే ఉంటుంది.

ముందుంటే ఒకటి, వెనకుంటే ఒకటి

ఈ మాట ఎక్కడ కూర్చుందనేది కూడా చూడాలి. ఇంగ్లీషులో 'ఫ్రీ షుగర్' అంటే డబ్బుల్లేకుండా ఇచ్చే చక్కెర. 'షుగర్ ఫ్రీ' అంటే చక్కెర లేనిది. మాట వెనక్కి జరిగితే ఉన్నది లేనిదైపోతుంది. మనకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. తెలుగు వాక్యానికి చివర క్రియ లేకపోయినా నడుస్తుంది. 'చీర కొంటే జాకెట్టు గుడ్డ ఫ్రీ' అంటాం, వాక్యం అయిపోయింది. కాబట్టి డబ్బా మీద 'షుగర్ ఫ్రీ' అని చూస్తే తెలుగు తల దాన్ని కూడా ఒక వాక్యంగా చదువుతుంది. చక్కెర ఫ్రీ, ఎవరో ఇస్తున్నారని. పైగా మన ఇళ్లల్లో షుగర్ అంటే జబ్బు. మా పక్కింటాయన ఆ బిస్కెట్ల పొట్లం చూసి, "అది ఎట్లాగూ ఫ్రీగానే వచ్చింది లే, మళ్లీ కొనేదెందుకు" అన్నాడు.

పొట్లం మీది ఆ మాట కూడా సున్నా అని చెప్పడం లేదు. మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం నూరు గ్రాముల్లో అర గ్రాముకు మించి చక్కెర లేకపోతే షుగర్ ఫ్రీ అని రాసుకోవచ్చు. మైదా సంగతి అది చెప్పదు. కడుపులోకి పోయాక మైదా కూడా గ్లూకోజే అవుతుంది. ఇక డాక్టర్ల భాషలో ఫ్రీ షుగర్స్ అంటే ఇంకో అర్థం. మనం కలిపిన చక్కెర, తేనె, పండ్లరసంలో తేలే తీపి. పండు కొరికి తింటే ఆ తీపి కణాల్లో బిగించి ఉంటుంది. రసం తీస్తే విడిపడుతుంది. మళ్లీ పలుపే. రోజంతా తినే శక్తిలో ఇట్లాంటివి పది శాతం లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఈ తికమకకు తెలుగులో తేలికైన మందుంది. 'చక్కెర లేని' అంటే చాలు. 'రహిత' అనేది బోర్డులకు బాగుంటుంది గానీ, 'చక్కెర రహిత టీ ఒకటి' అని అడిగినవాణ్ణి నేనింతవరకు టీకొట్టు దగ్గర చూడలేదు.

గా చేర్చితే

ఒక పరీక్ష పేపర్లో ఒక పిల్ల 'విమెన్ ట్రావెల్ ఫ్రీలీ ఇన్ బసెస్' అని రాసింది. నేను ఫ్రీలీ కింద ఎర్ర గీత పెట్టాను. టికెట్టు లేకుండా ప్రయాణిస్తున్నారని చెప్పాలంటే ఇంగ్లీషులో 'ట్రావెల్ ఫ్రీ' అనాలి. 'ట్రావెల్ ఫ్రీలీ' అంటే అడ్డూ అదుపూ భయం లేకుండా తిరుగుతున్నారని. మనం దేనికైనా 'గా' తగిలించి క్రియ ముందు పెట్టే అలవాటున్నవాళ్లం. రెండింటికీ ఫ్రీగా అనేస్తాం. 'ఆడవాళ్లు ఫ్రీగా తిరుగుతున్నారు' అనే మాటను కండక్టరు ఒక అర్థంలో అంటాడు, అరుగు మీద ముసలాయన ఇంకో అర్థంలో అంటాడు. ఆ పిల్ల రాసినదానికి వచ్చే అర్థం మూడోది, భయం లేకుండా అని. పెట్టిన ఎర్రగీతను కొట్టేయలేదు గానీ, మార్కు మాత్రం తగ్గించలేదు.

ఇట్లాంటిదే 'ఫ్రీలీ అవైలబుల్'. దీన్ని ఉచితంగా దొరుకుతుందని అనువాదం చేసిన కరపత్రాలు చూశాను. ఎక్కడ చూసినా దొరుకుతుంది, విరివిగా దొరుకుతుంది అని దానర్థం. డబ్బు సంగతి అందులో లేదు. 'ఫీల్ ఫ్రీ' అంటే మొహమాటపడొద్దని. దాన్ని 'సంకోచించకండి' అని రాసేవాళ్లను నేను మార్చలేను గానీ, మా అమ్మ అయితే "మొగమాటం లేకుండా అడుగు నాయనా" అనేది. 'ఫ్రీ గిఫ్ట్' గురించి చెప్పేదేం లేదు. డబ్బు తీసుకుని ఇచ్చే గిఫ్టు ఎక్కడైనా ఉంటే అప్పుడు చూద్దాం.

మనం సొంతంగా చేసుకున్నవి

ఇంతవరకు ఇంగ్లీషువాడి ఫ్రీ. మన వాడకంలో దానికి కొత్త కొమ్మలు మొలిచాయి. జుట్టు అల్లకుండా వదిలేస్తే మన ఆడపిల్లలు ఫ్రీ హెయిర్ అంటారు. లండన్లో అది అంటే వెంట్రుకలు ఊరికే పంచుతున్నారా అనుకుంటారు. మెకానిక్కు 'స్టీరింగ్ ఫ్రీ అయింది సార్' అంటాడు. డాక్టరు 'మోషన్ ఫ్రీగా అవుతోందా' అని అడిగితే చదువురాని ముసలాయన కూడా తడుముకోకుండా జవాబు చెబుతాడు. పలుపు అర్థాన్ని మనవాళ్లు ఎంత బాగా పట్టుకున్నారో చూడండి. అదే మనుషులు రిపోర్టులో ఫ్రీ టీ4 చూసి డబ్బుల లెక్కలోకి పోతారు. నోటి మాటగా వచ్చిన ఫ్రీ ఒంటబట్టింది. కాగితం మీద వచ్చిన ఫ్రీ సంత మాటగానే మిగిలింది.

తీరికకు కూడా ఈ మాటే వాడుతున్నాం. దీనికో కారణం ఉంది. 'సార్, ఖాళీగా ఉన్నారా?' అంటే రిటైరైన మనిషిని నాకు కొంచెం గుచ్చుకుంటుంది. 'వాడు ఖాళీగా ఉన్నాడు' అంటే ఉద్యోగం సద్యోగం లేదనే కదా మన ఊళ్లలో. 'ఫ్రీగా ఉన్నారా?' అంటే ఆ మచ్చ లేదు. చాలా పనులున్న మనిషికే మధ్యలో కాస్త ఫ్రీ దొరికినట్టు ఉంటుంది. సావకాశం అనే చక్కని మాట మనకు ఉండనే ఉంది. "సావకాశంగా రాండి, మాట్లాడదాం" అనేవాడు మా మామ. ఇప్పుడు ఆ మాటకు సావకాశం లేదు.

ఇంకొకటి కాస్త చేదుగా ఉంటుంది. 'ఆయన మాతో బాగా ఫ్రీగా ఉంటాడు' అంటే కలుపుగోలు మనిషని మెచ్చుకోలు. అదే మాట ఒక అమ్మాయిని గురించి, గొంతు కాస్త తగ్గించి, 'ఆ పిల్ల కొంచెం ఫ్రీగా ఉంటుంది' అంటే అది మెచ్చుకోలు కాదని అందరికీ తెలుసు. మాట అదే, 'గా' కూడా అదే. మగవాడికి పలుపు తెగితే చనువు, ఆడపిల్లకు తెగితే కట్టు తప్పడం. ఈ వంకర ఇంగ్లీషు మాటది కాదు, మనది.

ఇంగ్లీషువాళ్లూ ఈ మాటతో ఇబ్బంది పడ్డారు. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 1983లో గ్నూ అనే సాఫ్ట్‌వేరు ప్రాజెక్టు మొదలుపెట్టి, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. ఆయన ఉద్దేశంలో ఫ్రీ అంటే ఆ ప్రోగ్రాముని ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. అమ్ముకున్నా అభ్యంతరం లేదు. జనం మాత్రం డబ్బుల్లేని సాఫ్ట్‌వేరు అనుకున్నారు. ఆయన ఎక్కడికి పోయినా, ఫ్రీ స్పీచ్‌లోని ఫ్రీ అని అర్థం చేసుకోండి, ఫ్రీ బీరులోది కాదు అని చెప్పుకోవాల్సి వచ్చింది. మనకా తిప్పల్లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఉద్యమం నడిపేవాళ్లు తమ సంస్థకు 'స్వేచ్ఛ' అని పేరు పెట్టుకున్నారు, ఒక్క మాటతో సరిపోయింది. తెలుగు వికీపీడియా కూడా తన్ను తాను స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం అనుకుంది. ఉచిత విజ్ఞాన సర్వస్వం అని ఉంటే చవకబారుగా ఉండేది.

బస్సు సంగతి మధ్యలో వదిలేశాను. అవ్వ సంచి సీట్లోనే ఉంది, పిల్ల కడ్డీ పట్టుకుని నిలబడింది. ఊరు దాటాక కండక్టరు టికెట్లు కొడుతూ వచ్చాడు. అవ్వ ఆధార్ కార్డు చూసి జీరో టికెట్టు చేతిలో పెట్టాడు. తర్వాత సంచి వైపు చూశాడు.

"అవ్వా, జీరో టికెట్టు నీకు గాని నీ సంచికి గాదు. దాన్ని సీట్లో కూసోబెడితే ఫుల్ టికెట్టు కొడతా."

అవ్వ ఒక్క క్షణం వాడి ముఖం చూసి, సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. పక్కన నిలబడిన పిల్ల చెయ్యి పట్టి లాగింది.

"కూసో పాపా. ఇప్పుడు ఫ్రీ అయింది."